లైట్లు ఆర్పి, ఒక్క బ్యాటరీ లైటు వేసి చూపించండి

వరంగల్, హనుమకొండ, కాజీపేటలో ఎలక్ట్రికల్ షాపులు నడుపుతున్న అన్నలకు, సేట్లకు,

నమస్కారం. నేను పాకాల చెరువు ఆయకట్టు కింద నాలుగెకరాలు చేసుకునే రైతును. రెండెకరాల్లో మిరప, మిగిలిన దాంట్లో వరి. ఇరవై ఏళ్లుగా వైర్లు, స్టార్టర్లు, కెపాసిటర్లు, ఇంటికి ఫ్యాన్లు అన్నీ మీ దగ్గరే కొంటున్నాను. మోటరు కాలితే కాయిల్ చుట్టించడానికి కూడా మీరు చెప్పిన మెకానిక్ దగ్గరికే పోతాను. చేతిలో డబ్బు తక్కువైన రోజు "పంట అమ్మినాక ఇయ్యి తమ్మీ" అన్న షావుకార్లు మీలో ఉన్నారు. ఆ చనువుతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను అడిగేది చిన్నదే. రాత్రిపూట పొలానికి పోయే మనిషి నమ్మి కొనుక్కోగలిగిన ఒక మంచి బ్యాటరీ లైటు మీ షాపులో పెట్టండి. ఇవాళ అది వరంగల్‌లో దొరకడం లేదు. ఆన్‌లైన్‌లో దొరుకుతోంది, కానీ దాన్ని వెతికి పట్టుకోవడం మా ఊళ్లో పదిమందిలో ఒక్కరికి కూడా చేతకాదు.

2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చింది కదా, ఇంకా రాత్రి పొలంలో మీకేం పని అని పట్నంలో కొందరు అడుగుతారు. అంతకుముందు అర్ధరాత్రి కరెంటు కోసం బాయికాడ పడుకున్న రోజులతో పోలిస్తే ఇప్పుడు చాలా నయం, ఆ మాట నిజమే. కానీ గాలివానకు ఒక ఫేజు పోతే మోటరు కాలకముందే పోయి బంద్ చేయాలి. తూము నీళ్లు మన వంతుకు వచ్చినప్పుడు రాత్రా పగలా అని చూడలేం. పాకాల అడవి పక్కనే ఉంది, మక్క చేనులోకి అడవి పందుల మంద ఒక్కసారి దిగిందంటే తెల్లారేసరికి చేను మిగలదు. ఆ పందుల కోసమని కొందరు చేను చుట్టూ కరెంటు తీగలు పెడుతున్నారు. అది నేరమని తెలిసినా ఆపడం లేదు. చీకట్లో ఆ తీగ కనబడక మనుషులు చనిపోయిన వార్తలు మనం పేపర్లో చదువుతూనే ఉన్నాం.

ఇక పాములు. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. ఏడాదికి సగటున 58 వేలు. వాళ్లలో ఎక్కువమంది పల్లెల వాళ్లు, సుమారు సగం చావులు జూన్ నుంచి సెప్టెంబరు మధ్యలోనే. చావులు ఎక్కువున్న రాష్ట్రాల జాబితాలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. జూన్ నుంచి సెప్టెంబరు అంటే మాకు నాట్లు, కలుపు, నీళ్లు పెట్టే కాలం. రక్తపింజర ఎండుటాకుల్లో, కట్లపాము చీకట్లో కలిసిపోతాయి. కాలు పెట్టే ముందు ఆ చోటు కనబడిందా లేదా అన్నదాని మీదే మా ప్రాణం ఉంది.

రెండేళ్ల కింద వానాకాలంలో, రాత్రి పదకొండు దాటాక మోటరు ఆగింది. మూడు నెలల ముందు వరంగల్‌లో ఒక షాపులో 450 రూపాయలు పెట్టి కొన్న చార్జింగ్ లైటు తీసుకుని పోయాను. సాయంత్రం నుంచి చార్జింగ్ పెట్టే ఉంచాను. సగం దూరం పోయేసరికి వెలుగు పసుపుపచ్చగా మారింది, వరి చేను ఒడ్డు మీద ఉండగా ఆరిపోయింది. అరచేతితో కొట్టాను, వెలగలేదు. అట్లాగే నిలబడి జేబులో ఫోను కోసం తడుముకుంటుంటే ముందు నుంచి బుస వినబడింది. కుక్కరు ఆవిరి వదిలినట్టు ఉంటుంది రక్తపింజర బుస, విన్నవాళ్లు మరిచిపోరు. ఫోను లైటు వేసి చూస్తే రెండడుగుల దూరంలో చుట్ట చుట్టుకుని ఉంది. మెల్లగా వెనక్కి జరిగి ఇంటికి వచ్చేశాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా భార్య ఇప్పటికీ నేను రాత్రి పొలానికి పోతున్నానంటే టెన్షన్ పడుతుంది.

మరుసటి వారం ఆ లైటు పట్టుకుని కొన్న షాపుకు పోయాను. కౌంటర్ మీదున్న పిల్లవాడు "దీనికి గ్యారంటీ లేదన్నా, చైనా మాల్ ఇట్లనే ఉంటది" అన్నాడు. నేను గొడవ పెట్టుకోలేదు. ఇంటికొచ్చి, ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదువుతున్న మా పక్కింటి అబ్బాయితో కలిసి దాన్ని విప్పాను.

లోపల 4 వోల్టుల చిన్న లెడ్ బ్యాటరీ ఉంది. ట్రాక్టర్ బ్యాటరీ గురించి మనందరికీ తెలుసు, చార్జింగ్ లేకుండా నెలల తరబడి వదిలేస్తే దాని ప్లేట్లకు తెల్లటి పొర పట్టి చచ్చిపోతుంది. ఈ చిన్న బ్యాటరీదీ అదే జాతి. ఫ్యాక్టరీ నుంచి ఢిల్లీకి, ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు, అక్కడి నుంచి మీ గోదాముకు వచ్చి, డబ్బాలో ఏడాది కూర్చుంటే చార్జింగ్ దానంతట అదే దిగిపోతుంది. నేను కొన్న రోజుకే అది సగం చచ్చి ఉండొచ్చు. ఆ పిల్లవాడి తప్పు ఇందులో ఏమీ లేదు, అతనికి ఎవరూ చెప్పి ఉండరు. కానీ ఇట్లాంటి లైట్లు మీ అరలో ఇంకా ఉంటే, దయచేసి రెండు మూడు నెలలకోసారి డబ్బా తెరిచి చార్జింగ్ పెట్టండి. ఒక పెద్ద స్విచ్ బోర్డు మీద రాత్రికి ఐదారు పెట్టినా సరిపోతుంది.

ఇంకో సంగతి కూడా చూశాం. ఆ లైటు వెనక రెండు పిన్నులు బయటికి తీసి నేరుగా గోడ ప్లగ్గులో గుచ్చేలా ఉంది. లోపల ట్రాన్స్‌ఫార్మర్ లేదు, ఒక కెపాసిటరు, రెండు మూడు డయోడ్లు ఉన్నాయి, అంతే. అంటే చార్జింగ్‌లో ఉన్నంతసేపు లోపలి తీగలకూ ఎల్‌ఈడీకీ 230 వోల్టుల లైనుతో నేరుగా సంబంధం ఉంటుంది. పైన ప్లాస్టిక్ పగిలి ఉండి, తడి చేతులతో పట్టుకుంటే షాక్ కొడుతుంది. ఇది మీకు నాకంటే బాగా తెలుసు. అమ్మేటప్పుడు "చార్జింగ్‌లో ఉన్నప్పుడు పట్టుకోవద్దు, పిల్లలకు ఇవ్వొద్దు" అని ఒక్క మాట చెప్పండి. ఆ రకం కాకుండా ఫోను చార్జరుతో నింపుకునే లైటు ఉంటే అదే చూపించండి.

ఆ తర్వాత నేను ఆన్‌లైన్ వైపు పోయాను. మొదట మోసపోయాను. "లక్ష లూమెన్లు, 5 కిలోమీటర్ల దూరం" అని రాసి ఉంది, ధర 699. లూమెన్ అంటే వెలుగుకు కొలత. బల్బులు అమ్మే మీకు ఈ లెక్క నేను చెప్పనక్కర్లేదు, మీరు అమ్మే 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు మొత్తం వెలుగే దాదాపు 900 లూమెన్లు. లక్ష లూమెన్లంటే అట్లాంటి బల్బులు నూటపదికి పైగా ఒక్కసారి వెలగాలి. అరచేతిలో పట్టే లైటులో అది అయ్యే పని కాదు. నాకు అప్పటికి ఈ లెక్క తెలియదు. వచ్చిన లైటులో 18650 అనే లిథియం సెల్లు ఉంది. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది కాబట్టి దానికా పేరు. దాని మీద 9900 ఎంఏహెచ్ అని రాసి ఉంది, అంటే సెల్లులో ఎంత చార్జింగ్ పడుతుందో చెప్పే కొలత. అసలైన మంచి కంపెనీల 18650 సెల్లుల్లో మామూలుగా దొరికేవి 2000 నుంచి 3500 దాకానే. ఆ సైజులో 9900 ఇచ్చే సెల్లు ఎవరూ తయారు చేయడం లేదు. మా ఊరి కంసాలి దగ్గర తూకం వేయిస్తే 28 గ్రాములు వచ్చింది. అసలు సెల్లు దాదాపు 45 గ్రాములు తూగుతుంది. లోపల సరుకే లేనప్పుడు వెలుగు ఎక్కడి నుంచి వస్తుంది?

రెండోసారి నెల రోజులు చదివి, వీడియోలు చూసి, 2,300 పెట్టి ఒకటి తెప్పించాను. డబ్బా మీద 1000 లూమెన్లని రాసి ఉంది. గొప్పలేమీ లేవు. ఒక ప్రమాణం ప్రకారం కొలిచామని రాశారు, దాని అర్థం తర్వాత తెలుసుకున్నాను. దూరం ఎంతని రాస్తే, ఆ దూరంలో పడే వెలుగు నిండు పున్నమి వెన్నెలంత, అంటే పావు లక్స్ ఉండాలి. ఎంతసేపని రాస్తే, మొదలైనప్పటి వెలుగులో పదోవంతుకు పడిపోయేదాకా పట్టే సమయం. ఈ రెండూ తెలిస్తే డబ్బా మీద అంకెలు చదవడం వచ్చినట్టే. పూర్తి వెలుగులో పెడితే ఐదారు నిమిషాల్లో అది వేడెక్కి, తనంతట తాను తగ్గించుకుంటుంది. మొదట పాడైందనుకుని భయపడ్డాను, తర్వాత తెలిసింది అది దాని జాగ్రత్త అని. నడిచేటప్పుడు నాకు 200, 300 లూమెన్లు చాలు, ఆ లెక్కన నాలుగైదు గంటలు నిలకడగా వెలుగుతుంది. ఐపీ 67 అని రాసి ఉంది, అంటే దుమ్ము పోదు, మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా తట్టుకుంటుంది. నాట్ల మడిలో రెండుసార్లు పడింది, కడిగి వాడుకున్నాను.

ఇంకొక తేడా మాటల్లో చెప్పడం కష్టం, చూస్తే తెలుస్తుంది. షాపుల్లో దొరికే లైట్ల వెలుగు నీలంగా ఉండి మధ్యలో ఒక్కచోట గుచ్చినట్టు పడుతుంది. దూరంగా చెట్టు కొన కనబడుతుంది కానీ కాళ్ల దగ్గర నల్లగానే ఉంటుంది. ఈ లైటు కాస్త ఎండ రంగులో, కాళ్ల చుట్టూ పరుచుకుని పడుతుంది. మట్టి మట్టిలా, ఆకు ఆకులా వేరువేరుగా కనబడతాయి. పాము కనబడాలంటే నాకు కావలసింది ఆ వెలుగు. ఐదు కిలోమీటర్ల దూరం కనబడి నేనేం చేసుకుంటాను?

మరి ఆన్‌లైన్‌లో మంచిది దొరికింది కదా, మాకెందుకు రాస్తున్నావు అని మీరడగొచ్చు. ఎందుకంటే ఆ కథ అక్కడితో అయిపోలేదు. కొరియర్ మా ఊరికి రాదు, నర్సంపేటకు పోయి తెచ్చుకోవాలి. వెనక్కి పంపడానికి వారం రోజులే గడువు, మూడో నెలలో పాడైతే వేరే రాష్ట్రంలో ఉన్న సర్వీసు సెంటరుకు మన ఖర్చుతో పంపాలి. పద్నాలుగు నెలలకు నా లైటు సెల్లు బలహీనపడింది. లైటు బాగానే ఉంది, సెల్లు ఒక్కటి మార్చుకుంటే చాలు. దాని కోసం వరంగల్‌లో నాలుగు షాపులు తిరిగాను. రెండు చోట్ల లేదన్నారు. ఒక చోట మళ్లీ ఆ 9900 సెల్లే చూపించారు. ఇంకొక చోట పాత లాప్‌టాప్ బ్యాటరీ విప్పి తీసిన సెల్లు ఇచ్చారు, దాని పైతొడుగు చిరిగి ఉంది. లిథియం సెల్లు తొడుగు చిరిగి షార్ట్ అయితే మంట లేస్తుంది. ఇది చేతిలో పట్టుకునే వస్తువు. నేను తీసుకోలేదు. 300, 400 రూపాయల సెల్లు కోసం 2,300 లైటు రెండు నెలలుగా అటక మీద పడి ఉంది.

ఇక మా బాబాయి సంగతి చెబుతాను. ఆయనకు అరవై ఐదేళ్లు, ఇప్పటికీ రాత్రి కావలికి పోతాడు. ఒకప్పుడు ఆయన దగ్గర ఇత్తడి బ్యాటరీ లైటు ఉండేది, మూడు సెల్లులది. సెల్లు అయిపోతే మా ఊరి కిరాణా షాపులోనే నిప్పో, ఎవరెడీ దొరికేవి. బల్బు పోతే వెనక మూతలో స్పేర్ బల్బు. స్విచ్ వదులైతే నర్సంపేట సంతలో రెండు రూపాయలకు బాగు చేసేవాళ్లు. ఆ వెలుగు ఇప్పటి లెక్కలో ఏ మూలకూ రాదు, పసుపుపచ్చగా అంత దూరం పడేది. కానీ పాతికేళ్లు పనిచేసింది. దానికి అవసరమైనదంతా నడిచిపోయేంత దూరంలో దొరికేది. ఇవాళ ఆయన ఫోనులో ఆర్డరు పెట్టలేడు, రివ్యూలు చదవలేడు, ఏది అసలో ఏది నకిలీయో తెలియదు. ఆయన మీ షాపుకే వస్తాడు, మీరు ఏది ఇస్తే అదే తీసుకుంటాడు. ఈ ఉత్తరం ముఖ్యంగా ఆయన కోసం.

"చైనా మాల్ అంతే" అన్న మాట గురించి కూడా కొంచెం చెప్పాలి. నా మంచి లైటూ చైనాదే. ఫీనిక్స్, సోఫిర్న్ వంటి పేరున్న టార్చిలైట్ల కంపెనీలు చైనాలోని షెన్‌జెన్ నగరంలో ఉన్నవే. అంటే ఆ ఒక్క దేశం నుంచే మూడు నెలల్లో చచ్చే లైటూ వస్తుంది, పదేళ్లు ఉండే లైటూ వస్తుంది. ఏది తెప్పించాలన్నది ఢిల్లీలో, హైదరాబాద్‌లో హోల్‌సేల్ వాళ్లూ, ఇక్కడ మీరూ నిర్ణయిస్తున్నారు. మన దగ్గర చవకది తప్ప ఎవరూ కొనరని మీరు అనుకుంటున్నారు. నా లెక్క చూడండి. మంచి లైటు కొనకముందు ఐదేళ్లలో ఏడు లైట్లు కొన్నాను, ఒక్కొక్కటి 300 నుంచి 450 దాకా. మొత్తం 2,500 దాటింది. మా వాడలో ఎవరినడిగినా ఇట్లాంటి లెక్కే చెబుతారు. చవకది అని కొని, ఎక్కువ ఖర్చు పెడుతున్నాం.

కొనేవాళ్లు మేమొక్కరమే కాదు. గాలివాన రాత్రి స్తంభాల వెంట తిరిగే లైన్‌మెన్లు, తాడ్వాయి, ఏటూరునాగారం అడవుల్లో తిరిగే బీట్ ఆఫీసర్లు, తెల్లవారుజామున పాలు పోసేవాళ్లు, మేడారం జాతరకు ఎడ్లబండ్ల మీద పోయే కుటుంబాలు అందరూ ఉన్నారు. 2023 జూలై 27న తెల్లవారకముందే మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని ముంచేసింది, జనం మేడలెక్కి, చెట్లెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. దానికి ముందు ఒక్క రోజులోనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 64 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. అట్లాంటి రాత్రి ఇంట్లో ఒక నమ్మకమైన లైటు ఉండటం ఎంత అవసరమో ఆ ఊళ్ల వాళ్లకు తెలుసు. ఫోను లైటుతో సరిపెట్టుకుందామంటే, చార్జింగ్ అయిపోతే లైటుతో పాటు ఫోను కూడా పోతుంది.

అందుకే మీరు ఏం చేయగలరో నాకు తోచింది చెబుతాను. యాభై రకాలు వద్దు, రెండు మూడు మోడళ్లు చాలు, 800 నుంచి 2,500 లోపు. ముందు ఒక శాంపిల్ తెప్పించి, పూర్తిగా చార్జింగ్ చేసి, ఒక రాత్రి షాపు మూసేటప్పుడు వెలిగించి ఇంటికి తీసుకుపోండి. ఎన్ని గంటలు వెలిగిందో చూసి, ఆ అంకెను మార్కర్‌తో డబ్బా మీద రాయండి. కంపెనీ రాసిన అంకెకంటే మీ చేతిరాత మాకు ఎక్కువ నమ్మకం. నీళ్లలో మునిగినా తట్టుకుంటుందని రాసి ఉంటే శాంపిల్‌ను ఒక బకెట్ నీళ్లలో వేసి చూడండి. సెల్లును చిన్న తూకం మీద పెట్టండి. లిథియం సెల్లులకు బీఐఎస్, అంటే సరుకు నాణ్యత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ, రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే తయారీదారు ఎవరో తెలుస్తుంది. డబ్బా మీద ఎమ్మార్పీ, దిగుమతి చేసిన కంపెనీ పేరు, చిరునామా, నెల, సంవత్సరం లేకపోతే ఆ సరుకు హోల్‌సేలర్‌కే తిప్పి పంపండి. అవి ఉండాలని చట్టమే చెబుతోంది కాబట్టి అడిగే హక్కు మీకుంది.

కొనడానికి వచ్చినవాళ్లకు వెలుగుతున్న షాపులో లైటు వేసి చూపిస్తే ఏమీ తెలియదు. పట్టపగలు గోడ మీద అన్ని లైట్లూ ఒకేలా కనబడతాయి. గోదాములోకో, మెట్ల కిందికో తీసుకుపోయి లైట్లు ఆర్పి, పాతదీ కొత్తదీ పక్కపక్కనే వేసి చూపించండి. ఆ పని ఆన్‌లైన్ ఎప్పటికీ చేయలేదు, మీరొక్కరే చేయగలరు. ఆ రెండు నిమిషాల్లో మా బాబాయి కూడా తేడా పట్టేస్తాడు, ధర గురించి మళ్లీ అడగడు.

తేదీ వేసిన బిల్లు ఇవ్వండి, ఆరు నెలలో ఏడాదో, మీరు నిలబడగలిగినంత గ్యారంటీ దాని మీదే రాయండి. అన్నిటికంటే ముఖ్యం, అమ్మిన లైటుకు సరిపోయే అసలు సెల్లు పది ఎప్పుడూ దగ్గర పెట్టుకోండి. ధర వంద రూపాయలు ఎక్కువైనా మాకు ఫర్వాలేదు. నర్సంపేట దాకా కొరియర్ కోసం పోయి రావడానికి అంతకంటే ఎక్కువే అవుతుంది.

ఫిబ్రవరిలో మిర్చి కోత మొదలవుతుంది. ఎనుమాముల మార్కెట్‌కు బస్తాలు తెచ్చిన రోజు, కాంటా అయ్యాక మధ్యాహ్నం మీ షాపుల వైపు వస్తాను. బాబాయిని కూడా తీసుకొస్తాను. నా సెల్లు లేని లైటు సంచిలో ఉంటుంది. దానికి సరైన సెల్లు, ఆయనకు ఒక కొత్త లైటు కావాలి. డబ్బు నగదుగానే ఇస్తాం.

ఇట్లు,
పాకాల ఆయకట్టు రైతు,
నర్సంపేట దగ్గర, వరంగల్ జిల్లా